నేనెవర్నో చెప్పండి

తాడేపల్లిగూడెం,
2025 జూలై 3.

తేజూ,

నీకూ మీ ఆయనకీ నా ఆశీస్సులు. ఇక్కడ మీ మావయ్య, రవి, కోడలు అందరూ కులాసా. నేనూ కులాసాగానే ఉన్నాను, ఏలూరు డాక్టరుగారు కాదంటున్నారు గానీ.

మొన్న నువ్వు ఫోను చేస్తే నేను అన్నిటికీ సరే సరే అన్నానని రవితో చెప్పావట. ఫోనులో నాకు సగం వినపడదమ్మా. వినపడని సగానికే సరే అన్నాను. అందుకని ఇప్పుడు కాగితం మీద రాస్తున్నాను. నేను ఆపరేషన్ చేయించుకోను.

పెద్దపేగు చివర గడ్డ ఉందన్నారు. కాన్సరేనన్నారు. ఇంకా ఎటూ పాకలేదు, తీసేస్తే సరిపోతుందన్నారు. అన్నీ అర్థమయ్యాయి. నేను కత్తికి భయపడే మనిషిని కాదు. రవిని కోసే తీశారు. మర్నాడు మంచం మీద కూర్చుని వచ్చిన చుట్టాలకి కాఫీలు పురమాయించాను. నా భయమల్లా మత్తుకి.

మా అత్తగారి సంగతి నీకు తెలుసు కదా. తుంటి విరిగి ఆపరేషన్‌కి వెళ్ళేటప్పుడు ఆవిడ నాతో శుభ్రంగా తగువులాడి మరీ కారెక్కారు. తిరిగొచ్చాక నన్ను చూసి "ఏవండీ, మీదే ఊరండీ?" అని అడిగారు. తిట్టినా బాగుండేది. పోయేదాకా నాకు ఆ మర్యాదే మిగిలింది.

మీ మావయ్యకి ఉల్లిపాయల కమీషన్ కొట్టుంది. నాకున్నది ఈ తలకాయ ఒక్కటే. గూడెం నుంచి అటు ఏలూరు దాకా, ఇటు తణుకు దాకా మనవాళ్ళలో ఎవరింట పెళ్ళి మాట వచ్చినా ముందు నా దగ్గరికే వస్తారు. ఫలానా అబ్బాయికి ఫలానా అమ్మాయి వరస అవుతుందా, గోత్రాలు సరేనా అని. మొన్న మాఘంలో ఉంగుటూరు వాళ్ళు తాంబూలాలు పుచ్చుకునేవాళ్ళే. పిల్ల తాతగారు దత్తత వెళ్ళిన మనిషి, అసలు లెక్కన ఇద్దరూ అన్నాచెల్లెళ్ళవుతారని నేను చెప్పబట్టి ఆగారు. ఇదంతా నేను ఎక్కడా రాసి పెట్టుకోలేదు. ఆ తల పోయాక పేగు బాగుండి ఏం చేసుకోను?

రవి పుట్టినప్పుడు చేసినట్టు నడుముకి ఇంజక్షన్ ఇచ్చి, నేను మెలకువగా ఉండగా చేస్తామంటే అప్పుడు ఆలోచిస్తాను. నువ్వు మత్తు డాక్టరువే కాబట్టి నువ్వే వచ్చి ఇస్తే మరీ మంచిది.

వానలకి మార్కెట్టులో ఉల్లిపాయలు తడిసి వీధంతా ఒకటే కంపు. మీ మావయ్యకి ఆ వాసన తెలీదు, ముక్కు అలవాటు పడిపోయింది.

ఇట్లు,
మాట మీద నిలబడే మీ మేనత్త,
ఉమామహేశ్వరి


భువనేశ్వర్,
2025 జూలై 10.

అత్తయ్యా,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. ఆ తర్వాత చాలాసేపు పుస్తకం తెరవలేకపోయాను. వచ్చే నెలలోనే నా పై చదువు పరీక్షలు, సెలవివ్వరు. వచ్చినా మీకు మత్తు నేనివ్వను. సొంతవాళ్ళకి ఇవ్వకూడదని మాలో పద్ధతి, చెయ్యి నిలకడగా ఉండదని. ఏలూరులో సుకుమార్ గారని నాకు సీనియర్ ఉన్నారు. నాకు ఆపరేషన్ అయితే ఆయన్నే పిలవమంటాను.

నడుముకి ఇంజక్షన్ కాన్పుకి చాలు. ఈ ఆపరేషన్‌లో పొట్టలో గాలి నింపి, మనిషిని తల కిందికి ఉండేలా వాల్చి, సన్నటి గొట్టాలతో గంటల తరబడి పని చేస్తారు. మెలకువగా ఉండి ఓర్చుకునేది కాదు. పూర్తి మత్తు కావాల్సిందే.

పూర్తి మత్తు రెండు రకాలుగా ఇవ్వచ్చు. ఊపిరితో పీల్చే మందు ఒకటి, నరంలోకి ఎక్కించేది ఒకటి. నరంలోకి ఇస్తే మొదటి రోజుల్లో తెలివి కాస్త తేటగా ఉంటుందని కొన్ని పరిశోధనల్లో వచ్చింది. ఇంకొన్నింట్లో ఏ తేడా కనబడలేదు. తుంటి ఆపరేషన్లలో నడుం ఇంజక్షన్‌నీ పూర్తి మత్తునీ పక్కపక్కన పెట్టి చూశారు. తర్వాత వచ్చే తికమకలో తేడా లేదు. ఏ మత్తు ఇస్తే కాన్సర్ తిరిగి రాకుండా ఉంటుందో కూడా చూశారు. అందులోనూ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. మీకు నచ్చేది రాయాలంటే ఇంకోలా రాసేదాన్ని. మీతో అబద్ధమాడితే ఎలాగూ పట్టేస్తారు.

నాకో సాయం చెయ్యండి. ఆపరేషన్‌కి ముందూ తర్వాతా ఇలాగే మీ చేత్తో ఉత్తరాలు రాయండి. మీ తల ఎలా ఉందో తెలుసుకోవడానికి నాకు స్కానింగుల కన్నా మీ ఉత్తరాలే నమ్మకం. ఆ చెవి మిషను కూడా బీరువాలోంచి తీసి పెట్టుకోవడం మొదలుపెట్టండి. ఎందుకో తర్వాత చెబుతాను.

మీ తేజస్వి


తాడేపల్లిగూడెం,
2025 జూలై 16.

తేజూ,

నీ ఉత్తరం ఇంటిల్లిపాదికీ చదివి వినిపించాను. ఇన్ని చదువులు చదివిన దానివి, నా మాటే నిజమని ఒప్పుకున్నావు కదా. ఏ మత్తు ఇచ్చినా తేడా లేదన్నావు. అంటే నడుముకిచ్చినా, నరానికిచ్చినా, ముక్కుకిచ్చినా తల పోవడం పోవడమే. మా అత్తగారికి ఏ రకం ఇచ్చారో ఇన్నాళ్ళూ ఆలోచించాను, ఇంక అక్కర్లేదు.

నీ ఉత్తరం చూశాక రవి ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. నువ్వు నన్ను ఒప్పిస్తావని వాడి నమ్మకం. వాణ్ణి ఏమీ అనకు, వాడి మంచితనం వాడిది.

మీ మావయ్య మాత్రం ఏమీ అనలేదు. కొట్టుకి వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి రాలేదు. క్యారేజీ పంపితే తిరిగొచ్చింది. పెళ్ళైనప్పటి నుంచీ భోజనం వేళకి మనిషి రాకపోవడం ఇదే మొదలు. పని ఎక్కువై ఉంటుంది.

చెవి మిషను పెట్టుకుంటే ఫ్యాను మోత తప్ప ఏదీ వినపడదు. అది బీరువాలోనే ఉంది, హాయిగా ఉంది.

మీ అత్తయ్య


భువనేశ్వర్,
2025 జూలై 21.

అత్తయ్యా,

తేడా లేదన్నాను గానీ తల పోతుందని నేనెక్కడ రాశాను?

గూడెం నుంచి ఏలూరు బస్సులో వెళ్ళచ్చు, రైల్లోనూ వెళ్ళచ్చు. ఎలా వెళ్ళినా దాదాపు అందరూ క్షేమంగానే దిగుతారు. ఎలా వెళ్ళినా కొందరికి కడుపులో తిప్పుతుంది. రెంటికీ తేడా లేదంటే ప్రయాణం చెయ్యొద్దనా? మీ వయసులో ఆపరేషన్ తర్వాత మొదటి రోజుల్లో కొందరికి తికమక వస్తుంది. ఎక్కువమందికి అది పోతుంది. కొందరికి కొన్ని నెలలు మందకొడిగా ఉంటుంది. మీకు రాదని నేను హామీ ఇవ్వలేను. ఆ గడ్డ ఊరుకోదని మాత్రం హామీ ఇవ్వగలను.

మీ అత్తగారికి మతిమరుపు అంతకు ముందే మొదలైంది. ఆపరేషన్‌కి ముందు ఏడాది ఆవిడ మా ఇంటికొచ్చి ఒకే కబురు ఒకే పూటలో నాన్నకి మళ్ళీ మళ్ళీ చెప్పారు. మీరు కూడా వంటింట్లోకి వచ్చి నవ్వుకున్నారు, గుర్తుందా? మీకలాంటిదేమీ లేదు. నాకు కోపం తెప్పించడంలో కూడా ఎక్కడా తడబడరు.

మందు రకం కన్నా మన చేతిలో ఉన్నవి వేరే ఉన్నాయి. నొప్పి తెలీకుండా చూడటం, రాత్రి నిద్ర పోనివ్వడం, మర్నాడే లేపి నడిపించడం, ఎప్పుడూ చూసే ముఖం పక్కన ఉండటం. కళ్ళజోడు, చెవి మిషను వెంటనే పెట్టడం. కనపడక వినపడక పడుకున్న మనిషికి పగలేదో రాత్రేదో తెలీదు. తల తప్పుదారి పట్టేది అక్కడే.

ఇంకో మాట. మావయ్య ఏమీ అనలేదని రాశారు. భోజనానికి రాకపోవడం ఏమీ అనకపోవడమా?

మీ తేజస్వి


ఏలూరు,
2025 ఆగస్టు 4.

తేజూ,

ఇది ఆసుపత్రి మంచం మీద నుంచి రాస్తున్నాను. రేపు పొద్దున్నే ఆపరేషన్. ఆపరేషన్‌కి ముందు రాయమన్నావే, ఆ ఉత్తరం ఇదే, దాచుకో. అక్షరాలు ఎంత గుండ్రంగా ఉన్నాయో చూసుకో.

ఎందుకు ఒప్పుకున్నానంటే, నీ బస్సూ రైలూ కబుర్లకి కాదు. మీ మావయ్య వారం పాటు మధ్యాహ్నం భోజనం మానేశారు. ఒక్క మాట కూడా అనరు, అదే ఆయనతో చిక్కు. అరిస్తే నేనూ అరిచేదాన్ని. చివరికి నేనే "సరేనండీ, చేయించుకుంటాను" అన్నాను. ఆ పూట వచ్చి కూర్చుని రెండోసారి పెరుగు వేయించుకున్నారు.

మీ సుకుమార్ గారు వచ్చారు. బంగారం లాంటి పిల్లాడు. కొన్ని మాటలు చెప్పి గుర్తు పెట్టుకోమన్నారు, గడియారం బొమ్మ గియ్యమన్నారు. గీశాను. ఆ తర్వాత నేను ఆయన్ని అడిగాను. వాళ్ళది చింతలపూడి, పామాయిల్ తోటలున్నాయి, అమ్మగారి పుట్టిల్లు తణుకు దగ్గర. మనవాళ్ళు కాదు గానీ మంచి కుటుంబం. నా ప్రశ్నలే ఎక్కువయ్యాయని నర్సు ప్రభావతి నవ్వింది.

నరంలోకే మందు ఇస్తారట. అవసరానికి మించి లోతుకి పోకుండా నుదుటి మీద పట్టీ అతికించి మిషనులో చూసుకుంటారట. నొప్పి తెలీకుండా పొట్టకి రెండు పక్కలా ఇంజక్షన్లు కూడా ఇస్తారు. కుట్టు మానేదాకా కొన్నాళ్ళు పొట్ట మీద సంచి ఉంటుందన్నారు. తర్వాత ఇంకో చిన్న ఆపరేషన్ చేసి అది తీసేస్తారు. ఆ సంచి సంగతి తల్చుకుంటే నాకు సిగ్గుగా ఉంది, ఎవరితోనూ అనకు.

ఒంటి మీద ఏమీ ఉండకూడదన్నారు. గాజులు, దిద్దులు తీశాను. సూత్రాలు తీయడానికి చెయ్యి రాలేదు. మీ మావయ్యే లేచి వచ్చి తీశారు. పొద్దున్న అన్నీ ఆయన చేతి రుమాల్లో మూట కట్టి ఇస్తాను. నీ మాట ప్రకారం చెవి మిషను తెచ్చుకున్నాను, ఇప్పుడు పెట్టుకునే ఉన్నాను. పక్క మంచం ఆవిడ గురక బాగా వినపడుతోంది.

ధైర్యంగానే ఉన్నాను. భయం కూడా ఉంది.

మీ అత్తయ్య


భువనేశ్వర్,
2025 ఆగస్టు 18.

అత్తయ్యా,

ఇంటికి చేరారని రవి బావ చెప్పాడు. ప్రాణం లేచొచ్చింది. పుండు బాగా మానుతోందట, నాలుగడుగులు నడుస్తున్నారట. చాలా సంతోషం.

మీరు ఉత్తరం రాస్తారని ఎదురు చూశాను, రాలేదు. రాయలేకపోతే ఫరవాలేదు, తొందరేమీ లేదు. రెండు ముక్కలైనా చాలు. చుట్టాలందరూ వచ్చి చూసి వెళ్ళారటగా. అందరితో బాగా మాట్లాడారా? ఎవరెవరు వచ్చారో రాయండి.

అన్నట్టు మీతో చిన్న పనుంది. మా ఆడపడుచు మరిదికి సంబంధాలు చూస్తున్నారు. తణుకులో మీ తోడికోడలు చెల్లెలి కూతుర్ని అనుకుంటున్నారు. వరస కలుస్తుందంటారా? వీలు చూసుకుని చెప్పండి.

మీ తేజస్వి


తాడేపల్లిగూడెం,
2025 ఆగస్టు 24.

తేజూ,

మీ ఆడపడుచుకి మరిది ఎక్కడి నుంచి వచ్చాడే? ఆమె మొగుడు వాళ్ళమ్మకి ఒక్కడే కొడుకు. మా తోడికోడలికి చెల్లెళ్ళే లేరు, ఇద్దరూ అన్నలు. నాకు పరీక్ష పెట్టాలనుకుంటే పుట్టినవాళ్ళతో పెట్టు తల్లీ.

రవి నీకేం చెప్పాడో నాకు తెలిసిపోయింది. "అమ్మ మనుషుల్ని గుర్తుపట్టడం లేదు" అన్నాడు కదూ? విను. ఆపరేషనైన మొదటి రెండు రోజులూ మత్తులోనే నిద్రపోయానట, నాకేమీ తెలీదు. మూడో రోజు కళ్ళు తెరిచాను. అందరూ కనపడ్డారు, అందరూ తెలిశారు. హమ్మయ్య అనుకుని మళ్ళీ కళ్ళు మూసుకుందామనేసరికి పలకరింపులు మొదలయ్యాయి.

వచ్చిన ప్రతివాళ్ళూ మంచం దగ్గరికి వంగి ఒకటే ప్రశ్న. "నేనెవర్నో చెప్పండి చూద్దాం?" నా వరసల సంగతి ఊరందరికీ తెలుసు కదా, వాళ్ళకి అదో సరదా. పిల్లలు కూడా. మొదట్లో మర్యాదగా అందరికీ చెప్పాను. నిద్ర పట్టబోతుంటే ఇంకొకరు. పొట్టలో కుట్లు లాగుతుంటే ఇంకొకరు. కొల్లేరు పొంగి కైకలూరు వైపు రోడ్డు మీదికి నీళ్ళొచ్చాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే అటువాళ్ళు కూడా దిగేవారు.

ఇంటికొచ్చాక కూడా అదే వరస. నాకు ఒళ్ళు మండింది. మా తోడికోడలు తణుకు నుంచి వచ్చి "అక్కా, నేనెవర్ని?" అంది. "కొత్తగా చేరిన ఆయావి కదూ, ఈ గ్లాసు కాస్త కడిగి పెట్టమ్మా" అన్నాను. పాపం, ఏడుస్తూ కడిగింది. రవి మావగారిని "కరెంటు మీటరు చూసేవారు కదండీ" అన్నాను. ఆయన ఔనండీ అని తలూపి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం నుంచి ఇల్లు ప్రశాంతంగా ఉంది. పలకరింపులు ఆగాయి, నేను నిద్రపోయాను.

అందుకని నువ్వు బెంగపడకు. మీ సుకుమార్ గారి మందు మంచి మందు. నా తల ఎక్కడికీ పోలేదు, వెంట్రుక కూడా కదల్లేదు. ఈ మాట ఊరందరికీ చెప్పమని రవితో అన్నాను. వాడు తల దించుకున్నాడు, సిగ్గుపడి ఉంటాడు.

ఇట్లు,
అన్నీ గుర్తున్న మీ అత్తయ్య


భువనేశ్వర్,
2025 సెప్టెంబరు 15.

అత్తయ్యా,

పరీక్షలయ్యాయి. మీ రిపోర్టు నాకూ వచ్చింది. గడ్డ మొత్తం తీసేయగలిగారు, చుట్టుపక్కల అంతా శుభ్రంగా ఉంది. ఇది తల్చుకుని నేను రోజూ సంతోషిస్తున్నాను.

మీ ఉత్తరం చదివి ఆయా ముక్క దగ్గర పడీ పడీ నవ్వాను. మా ఆడపడుచు మరిదిని నేనే పుట్టించాను, క్షమించండి. ఇప్పుడు రాయబోయేదానికి మీకు కోపం వస్తుంది. వచ్చినా రాయాలి.

ఆ మొదటి రెండు రోజులూ మీరు నిద్రపోలేదు. మెలకువగానే ఉన్నారు. మూడో రోజు తర్వాత మీరన్నవి కావాలని అన్నవే, ఆ రెండు రోజుల్లో అన్నవి మాత్రం కాదు. వార్డులో ఉల్లిపాయల బస్తాలు దింపుతున్నారనీ, నేల తడిగా ఉంది జాగ్రత్త అనీ కూలీల మీద కేకలేశారు. సూది పీకేయబోయారు. కొందర్ని పోల్చుకోలేదు, రవి బావని కూడా. ఇల్లు చేరాక మీరు ఆయా అనీ మీటరనీ అంటే అది మళ్ళీ మొదలైందనుకుని బావ హడలిపోయి నాకు ఫోను చేశాడు. నేను వెర్రి ప్రశ్న పంపింది అందుకే.

ఎందుకొచ్చిందో పూర్తిగా ఎవరూ చెప్పలేరు. ఒకటి మాత్రం తెలిసింది. మీరు కట్టిచ్చిన మూటలో సూత్రాలతో పాటు చెవి మిషను, కళ్ళజోడు కూడా ఉన్నాయి. బంగారం ఆసుపత్రిలో ఉంచకూడదని మావయ్య ఆ మూటని విప్పకుండా గూడెం తీసుకెళ్ళి కొట్లో ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసి వెంటనే తిరిగొచ్చేశారు. సుకుమార్ గారు చెవి మిషను అడిగేదాకా ఎవరికీ తట్టలేదు. బావ వానలో కారేసుకుని వెళ్ళి తెచ్చాడు. అవి పెట్టాక మీరు ఒక్కొక్కర్నీ పోల్చుకున్నారు.

మీకు చెప్పొద్దని అందరూ నన్ను బతిమాలారు. కానీ నవంబరులో సంచి తీసే ఆపరేషన్ ఉంది. ఆ కాగితం మీద సంతకం మీరు పెట్టాలి, తెలిసి పెట్టాలి. ఈసారి మీరు మొదట్లో అడిగినట్టే నడుముకి ఇంజక్షన్‌తో చెయ్యచ్చని సుకుమార్ గారన్నారు. అయినా ఆ తికమక మళ్ళీ రాదని చెప్పలేం. ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ వచ్చే అవకాశం కాస్త ఎక్కువే.

మీ తేజస్వి


తాడేపల్లిగూడెం,
2025 సెప్టెంబరు 22.

తేజస్వికి,

నా తల సంగతి నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట. నేను వాళ్ళని ఆటపట్టిస్తున్నాననుకున్నాను. వాళ్ళేమో నన్ను చూసి జాలిపడుతున్నారు. ఆ గ్లాసు కడుగుతూ మా తోడికోడలు ఎందుకేడ్చిందో ఇప్పుడు తెలిసింది.

కన్నకొడుకుని పోల్చుకోలేదట. మా అత్తగారికీ నాకూ తేడా ఏముంది? రెండు రోజులని నువ్వంటున్నావు. ఆవిడకీ మొదట రెండు రోజులే అయి ఉంటుంది.

సంచి అలవాటైంది. ఉండనీ. రెండో ఆపరేషన్ లేదు. ఇంక ఈ సంగతి ఎత్తకండి, నువ్వు గానీ రవి గానీ.

ఉమామహేశ్వరి


భువనేశ్వర్,
2025 సెప్టెంబరు 29.

అత్తయ్యా,

ఎత్తను. సంచితో బతికేవాళ్ళు హాయిగానే బతుకుతున్నారు, అది మీ ఇష్టం. ఎందుకు వద్దనుకుంటున్నారో అది మాత్రం సరిగ్గా తెలుసుకుని వద్దనుకోండి.

ఆ రెండు రోజుల గురించి మీకు నేను రాసింది రవి బావ ఫోనులో చెప్పిందే. బావ చాలాసేపు బయట వరండాలోనే ఉన్నాడట, చూడలేక. తెలిసిన మనిషి పక్కనుండాలని సుకుమార్ గారు మావయ్యని మీ మంచం దగ్గర కూర్చోబెట్టారు. ఆయన అక్కణ్ణుంచి కదల్లేదట. అడగాల్సింది ఆయన్ని. ఆయన చెప్పరు కాబట్టి చెకప్‌కి వెళ్ళినప్పుడు నర్సు ప్రభావతిని అడగండి.

మీరు తిట్టినా ఉత్తరం రాయండి.

మీ తేజస్వి


తాడేపల్లిగూడెం,
2025 అక్టోబరు 12.

తేజూ,

నిన్న చెకప్‌కి ఏలూరు వెళ్ళొచ్చాం. మీ మావయ్య మందుల షాపులో ఉండగా నేను ప్రభావతిని పట్టుకున్నాను. "నేను ఆ రెండు రోజులూ ఏమేం వాగానో దాచకుండా చెప్పమ్మా" అన్నాను. ఆ పిల్ల నవ్వడం మొదలెట్టింది. కాసేపటికి నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

నేను మీ మావయ్యని కూడా పోల్చుకోలేదట తేజూ.

కళ్ళు తెరిచి, పక్కన కూర్చున్న మనిషిని చూసి, "ఏవండీ, ఆడవాళ్ళ మంచం దగ్గర అలా కూర్చోకూడదండీ, ఇంతకీ మీరెవరండీ?" అన్నానట. ఇంకెవరైనా అయితే నన్ను గుర్తుపట్టవా, నేనెవర్నో చెప్పు అని ఏడ్చి గోల చేసేవారు. ఆయన లేచి నిలబడి నా చెవి దగ్గర గట్టిగా, "నా పేరు శ్రీరాములండీ. మాది తాడేపల్లిగూడెమండీ. ఉల్లిపాయల కమీషన్ కొట్టండీ" అన్నారట. నేను ఊరుకున్నానా? నాన్నగారి పేరేమిటన్నాను. అమ్మగారి పుట్టిల్లు ఎక్కడన్నాను. గోత్రం అడిగాను. ఆయన ఒక్కొక్కటీ వార్డంతా వినపడేలా చెప్పారట. ఎప్పుడూ నోరు విప్పని మనిషి. నేను కాసేపు ఆలోచించి, "గోత్రాలు కుదిరాయండీ, సంబంధం బాగుంది, పిల్ల తరఫువాళ్ళతో నేను చెబుతాను" అన్నానట.

అలా ఒక్కసారి కాదు. మళ్ళీ మర్చిపోవడం, మళ్ళీ మీరెవరండీ అనడం, ఆయన మళ్ళీ లేచి నిలబడి మొదటి నుంచీ చెప్పడం. రెండు రోజులూ అదే. విసుక్కోలేదట. నేనే నీ మొగుణ్ణని ఒక్కసారైనా అనలేదట. ప్రతిసారీ నేను అన్నీ విచారించి సంబంధం బాగుందనే అన్నానట. ఒకసారి మాత్రం, "అంతా బాగానే ఉంది గానీ, ఇంతకీ మీకు పిల్ల నచ్చిందా అండీ?" అని అడిగానట. "నచ్చిందండీ" అన్నారట.

కారులో తిరిగొస్తూ ఉంగుటూరు దాటాం. తర్వాత అడిగాను, అప్పుడే ఎందుకు చెప్పలేదండీ, నీ మొగుణ్ణని అంటే పోయేది కదా అని. ఆయన రోడ్డు వంకే చూస్తూ, "నువ్వు అడిగినవాటికి చెప్పాను. అడగనిది చెబితే కంగారు పడతావనిపించింది" అన్నారు. నేను ఏడ్చాను తేజూ. ఆయన చూడనట్టే అద్దం దించుకున్నారు.

ఇన్నాళ్ళూ నా బెంగ ఏమిటంటే, తల పోతే నేను ఎవరికీ ఏమీ కానని. రెండు రోజులు పోయింది కదా. నేనెవరో నాకు తెలీకపోయినా ఆయనకి తెలుసు. నా మీద నాకున్న కోపం పోయింది. నీ మీదది ఎప్పుడో పోయింది, ఊరికే బిగదీసుకుని కూర్చున్నాను.

నవంబరులో చేయించుకుంటానని సుకుమార్ గారితో చెప్పు. నడుముకిస్తారో, నరానికిస్తారో, వారికి ఏది మంచిదనిపిస్తే అదే ఇవ్వమను. అప్పుడూ నేను ఈయన్ని పోల్చుకోలేకపోతే ఈయన మళ్ళీ లేచి నిలబడి చెప్పుకుంటారు. నేను మళ్ళీ అన్నీ విచారించి ఒప్పుకుంటాను.

మీ అత్తయ్య,
ఉమామహేశ్వరి